వైన్స్‌లో వైన్ ఏదన్నా? హైదరాబాద్ ద్రాక్ష, నాలుగు సీసాలు, ఒక లొట్టి

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం నిషా టాపిక్. అందుకే ముందే చెప్పేస్తున్నా, తెలంగాణలో అయినా ఆంధ్రాలో అయినా మద్యం కొనడానికి చట్టప్రకారం 21 ఏళ్లు నిండాలి. ఆ వయసు రానివాళ్లు కూడా ఇది వినొచ్చు, ఎందుకంటే ఇందులో తాగుడు తక్కువ, కథ ఎక్కువ.

హిమాయత్‌నగర్ వై జంక్షన్ దగ్గర నుంచి నారాయణగూడ చౌరస్తా మీదుగా చిక్కడపల్లి దాకా నడవండి. దారిలో ఏదో ఒక "వైన్స్" బోర్డు తగలకుండా ఉండదు. పేరు ఏదైనా చివర వైన్స్ ఉంటుంది. దేవుడి పేరు, సినిమా పేరు, ఓనర్ కూతురి పేరు, ఆ పక్కనే వైన్స్. అలాంటి ఒక షాపుకు పోయి గ్రిల్ దగ్గర నిలబడి, "అన్నా, వైన్ ఉందా?" అని అడిగా. ఆయన నన్ను పైనుంచి కిందకు చూసి, "వైన్స్‌కే వచ్చినవ్ గదా తమ్మీ, ఏ బ్రాండ్ కావాలె?" అన్నాడు. లేదన్నా, వైన్, ద్రాక్షతో చేసేది అన్నా. "ఓ, ఆడోళ్లు తాగేదా?" అని లోపలికి పోయి, పై అరలోంచి దుమ్ము తుడుచుకుంటూ రెండు సీసాలు తెచ్చిండు. వాటి వెనక ఎండ తగిలే కిటికీ ఉంది. ఎండలో నెలల తరబడి నిలబెట్టిన వైన్ అంటే దాదాపు పులుసే.

ఆడవాళ్లు తాగేది అన్న మాట దగ్గరికి మళ్లీ వస్తా, మర్చిపోను. ముందు ఈ "వైన్స్" సంగతి చూద్దాం.

తెలుగులో "వైన్స్" అంటే మందు షాపు. "వైన్స్ బంద్" అంటే డ్రై డే. లోపల అమ్మేది ఎక్కువగా విస్కీ, బీరు, బ్రాందీ. ప్రపంచంలో ఎక్కడో ద్రాక్షరసానికి పెట్టిన పేరు మన దగ్గరికి వచ్చి, ద్రాక్ష తప్ప మిగతావన్నీ అమ్మే కొట్టుకు అంటుకుంది. దాని వెనక ఉన్న డబ్బు చూడండి. తెలంగాణలో 2,620 మద్యం షాపులున్నాయి, ప్రభుత్వ భాషలో ఎ4 దుకాణాలు. 2023లో వాటి లైసెన్సుల కోసం లాటరీ తీసినప్పుడు 1.3 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పుడు ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు, లాటరీ తగలకపోయినా తిరిగి రావు. లెక్క వేసుకోండి, ఒక్క క్వార్టర్ సీసా అమ్మకముందే ప్రభుత్వానికి 2,600 కోట్లు. అశోక్‌నగర్‌లో సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ గ్రూప్స్‌కు చదివే మన వాళ్లకు ఈ నంబర్ బట్టీ పట్టమని నా సలహా, ఎకానమీ పేపర్‌లో పనికొస్తుంది.

ఇంత మందు ఊరిలో వైన్ మాత్రం ఎందుకు లేదు? "మన దగ్గర ద్రాక్ష పండదు బ్రో" అని చాలామంది అనుకుంటారు. మీ నాన్నని అడగండి, తాతని అడగండి. హైదరాబాద్ ఒకప్పుడు ద్రాక్ష ఊరు.

అనబ్-ఎ-షాహీ. ఈ పేరు విన్నారా? అనబ్ అంటే ద్రాక్ష, షాహీ అంటే రాజులది. రాజద్రాక్ష అనుకోండి. పొడవుగా, లేత తేనెరంగులో, గింజలతో ఉండే పెద్ద పండు. నిజాం కాలంలో హైదరాబాద్‌లో పెరిగిన రకం ఇది. అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన తెచ్చి నాటిన తీగ నుంచి పాకిందని పుస్తకాల్లో రాస్తారు. ఇక్కడి నుంచే బెంగళూరు వైపు, మిగతా దక్షిణానికి వెళ్లింది. దీని పిల్ల రకం దిల్‌ఖుష్ అని ఇప్పటికీ కర్ణాటకలో పండిస్తారు. ఒకప్పుడు శంషాబాద్, మేడ్చల్, కీసర, శామీర్‌పేట, హయత్‌నగర్, ఎటు పోయినా ద్రాక్ష పందిళ్లే. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఇంకా ఉంది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీలకు "వైన్‌యార్డ్" అని, "గ్రేప్ గార్డెన్" అని పేర్లు పెడుతుంటే నాకు నవ్వొస్తుంది. తోటను తీసేసి, దాని పేరు గేటుకు తగిలిస్తారు.

సరే, ఇంత ద్రాక్ష ఉన్నప్పుడు వైన్ ఎందుకు చేయలేదు?

ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ. భయపడకండి, ఇంటర్ బైపీసీ లెవెల్ కూడా కాదు. ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెర తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ద్రాక్షరసంలో చక్కెర ఎంతుందో బ్రిక్స్ అనే కొలతతో చెప్తారు. 100 గ్రాముల రసంలో 15 గ్రాముల చక్కెర ఉంటే 15 బ్రిక్స్. ఒక్కో బ్రిక్స్‌కు దాదాపు అర శాతం పైచిలుకు ఆల్కహాల్ వస్తుంది. అంటే 15 బ్రిక్స్ పండుతో 8 శాతం వస్తుంది. మామూలు వైన్ 12 నుంచి 14 శాతం ఉంటుంది, దానికి 22, 24 బ్రిక్స్ కావాలి. మన అనబ్-ఎ-షాహీ 15, 16 దగ్గర ఆగిపోయే పండు. నీళ్లు ఎక్కువ, తొక్క పలుచన. నోట్లో వేసుకుంటే స్వర్గం, పీపాలో వేస్తే పలచని పులుపు.

వైన్ ద్రాక్ష చూశారా ఎప్పుడైనా? చిన్నది, మిరియం కంటే కొంచెం పెద్దది అనిపిస్తుంది. తొక్క దళసరి, గింజ పెద్దది, తినడానికి ఏమీ బాగోదు. రంగు, వాసన, వగరు అంతా ఆ తొక్కలోనే ఉంటుంది. పండు చిన్నదయ్యేకొద్దీ రసానికి తొక్క పాలు పెరుగుతుంది. అందుకే వైన్ రైతు కావాలనే కాపు తగ్గిస్తాడు, సగం గుత్తులు కోసి కింద పారేస్తాడు. మన పందిరి రైతు లెక్క దానికి పూర్తిగా ఉల్టా. పందిరి వేసి, నీడలో గుత్తులు వేలాడదీసి, ఎకరానికి ఎన్ని టన్నులు దిగాయి అన్నదే లెక్క. మొజంజాహీ మార్కెట్‌లో తూకానికి అమ్మేవాడికి గుత్తులు పారేయమంటే కొడతాడు. న్యాయమే.

ఇంకోటి. ఫ్రాన్స్‌లో చలికాలం తీగ నిద్రపోతుంది. మన దగ్గర తీగకు నిద్ర లేదు, ఆపకపోతే ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది. అందుకే మన రైతులు ఏడాదికి రెండు కత్తిరింపులు చేస్తారు. ఏప్రిల్‌లో ఒకటి, కొమ్మలు తయారు కావడానికి. అక్టోబర్‌లో ఇంకోటి, కాయల కోసం. కోత ఫిబ్రవరి, మార్చిలో. ఫ్రాన్స్‌లో సెప్టెంబర్‌లో కోస్తే మనం శివరాత్రికి కోస్తాం. కొంచెం మబ్బు పట్టినా బూజు తెగులు వస్తుంది. ఒక్క అకాల వర్షంతో ఏడాది కష్టం పోతుంది. పక్క ఎకరాన్ని ప్లాట్లు చేసి అమ్మినవాడు కారు కొన్నాక, ఈ కష్టం ఎవరు పడతారు? ద్రాక్ష పోవడానికి తెగులు ఒక కారణం అయితే గజం రేటు పది కారణాలు.

సరే, ఇప్పుడు టేస్టింగ్. హిమాయత్‌నగర్ గల్లీలో ఒక ఫ్రెండ్ వాళ్ల డాబా మీద, ఆదివారం సాయంత్రం, నలుగురం. రూల్ ఒకటే, మన మట్టికి దగ్గరగా ఉన్నవే తాగాలి. ఫ్రాన్స్, ఇటలీ, చిలీ బాటిళ్లు బంద్. ఎవరూ బండి నడపరు, ఒకడు డాబా మీదే పడుకున్నాడు, మిగతావాళ్లం మెట్రో.

మొదటి సీసా, వైన్స్‌లో అందరికీ తెలిసిన తియ్యటి ఎర్ర వైన్. పోర్ట్ అనో, రూబీ అనో రాసి ఉంటుంది. గోల్కొండ పేరుతో కూడా ఒక రూబీ వైన్ ఉండేది, మీ బాబాయిల తరానికి తెలుసు. అసలు పోర్ట్ అనేది పోర్చుగల్‌లో డోరో నది లోయలో చేసేది, పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష బ్రాందీ పోసి ఆపేస్తారు, అందుకే తీపి మిగిలిపోతుంది. మన దగ్గర ఆ పేరుతో వచ్చే చౌక వాటిలో చాలావరకు తీపి వెనక లేబుల్ మీద "చక్కెర" అన్న మాటలో ఉంటుంది. తాగితే ఎలా ఉంది? రూఅఫ్జాకు దగ్గు మందు పెళ్లి చేసినట్టు. మా వాడొకడికి నచ్చింది, వాడికి ఖుబానీ కా మీఠా మీద కూడా చక్కెర చల్లుకునే అలవాటుంది. ఒకటి చెప్పాలి, దీన్ని తక్కువగా చూడటం సులభం కానీ లక్షలమంది తెలుగు వాళ్లకు వైన్ అంటే నాలుకకు తెలిసిన రుచి ఇదే.

రెండోది సీసా కాదు, జాడీ నుంచి వచ్చింది. క్రిస్మస్ వైన్. ఎవరింటిదో చెప్పను, ఎందుకో ఇప్పుడే చెప్తా. సికింద్రాబాద్‌లో ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో, నారాయణగూడ వైపు కొన్ని క్రిస్టియన్ ఇళ్లలో, నవంబర్ వచ్చిందంటే పింగాణీ జాడీ దిగుతుంది. నల్ల ద్రాక్ష పిసికి, చక్కెర, కొంచెం ఈస్ట్, గుప్పెడు గోధుమలు, దాల్చినచెక్క, లవంగం వేసి, మూతికి గుడ్డ కట్టి మూల గదిలో పెడతారు. రోజూ చెక్క గరిటెతో కలపాలి. మూడు వారాలకు వడకట్టి మళ్లీ పెట్టేస్తారు. ప్లమ్ కేక్ పక్కన చిన్న గ్లాసులో ఇస్తారు. ఆ ఆంటీ పోసిన గ్లాసులో లవంగం ముందొచ్చింది, ద్రాక్ష తర్వాత, చివర్లో కొంచెం ఘాటు. నాలుగింట్లో "ఇల్లు" అనిపించింది ఇదొక్కటే. కానీ మన ఎక్సైజ్ చట్టం 1968 ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయడం నేరం. యూట్యూబ్ చూసి చేసేసి ఇన్‌స్టాలో అమ్మకండి. ఇంకోటి, పులిసేటప్పుడు గ్యాస్ వస్తుంది, బిగుతుగా మూత పెట్టిన గాజు సీసా పేలుతుంది. నిజంగా పేలుతుంది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. తెలుగు బైబిల్‌లో వైన్‌కు వాడిన మాట ద్రాక్షారసం. కానా ఊరి పెళ్లిలో నీళ్లు మారింది ద్రాక్షారసంగా. ఎంత తెలివైన మాటో చూడండి, తాగేవాడికి అది వైన్, తాగనివాడికి జ్యూస్. బాప్టిస్టు చర్చిల్లో ప్రభురాత్రి భోజనానికి మామూలుగా పులియని రసమే ఇస్తారు. పులియకుండా సీసాలో నిలవ ఉంచడం ఎలా? 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు రసాన్ని వేడిచేసి, ఈస్ట్‌ను చంపి, చర్చిల కోసం తయారు చేశాడు. ఇవాళ టెట్రాప్యాక్‌లో మీరు తాగే గ్రేప్ జ్యూస్ పుట్టింది అలా, వైన్ వద్దన్న మనిషి చేతిలో.

మూడో సీసా నంది హిల్స్ దగ్గరిది. హిందూపురం దాటి బెంగళూరు వైపు పోతే దొడ్డబళ్లాపురం వస్తుంది కదా, అక్కడ. చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు కన్నడ కలిసి మాట్లాడతారు. 1988లో కన్వల్ గ్రోవర్ అక్కడ ఫ్రెంచ్ ద్రాక్ష తీగలు పెట్టాడు. షాంపేన్ ప్రాంతం నుంచి జార్జ్ వెసెల్, తర్వాత బోర్డో నుంచి మిషెల్ రోలాన్ వచ్చి సలహాలిచ్చారు. మిషెల్ రోలాన్ అంటే వైన్ లోకంలో మన రాజమౌళి లాంటి పేరు అనుకోండి. ఇప్పుడు ఆ కంపెనీ పేరు గ్రోవర్ జాంపా. మేం తెచ్చింది లా రిజర్వ్, కాబర్నే, షిరాజ్ కలిపింది. మొదటి గుక్కకు మా వాళ్లు మొహాలు ముడిచారు. వగరు. లేత వక్క నమిలినట్టు, బాగా మరిగిన టీ డికాక్షన్‌లా నాలుక పట్టేస్తుంది. ఆ వగరు పేరు టానిన్, తొక్కలోంచి, గింజలోంచి వస్తుంది. పావుగంట గ్లాసులో వదిలేసి మళ్లీ తాగితే నేరేడు పండు, కొంచెం మిరియం. మన పాతకాలం పండితులు కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మూడు రకాలు చేశారు. నోట్లో వేసుకోగానే రసం వచ్చేది ద్రాక్షాపాకం, కొబ్బరికాయలా కొట్టి వలిస్తే గానీ రానిది నారికేళపాకం. ఎర్ర వైన్ మాత్రం ద్రాక్షతో చేసిన నారికేళపాకం.

నాలుగోది మన వాళ్లది. అక్షరాలా మన వాళ్లది. హైదరాబాద్‌లో గ్రాన్యూల్స్ ఇండియా అని మందుల కంపెనీ ఉంది, పారాసిటమాల్ తయారీలో పెద్ద పేరు. దాన్ని పెట్టిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ, ఇద్దరూ ఏడు ఖండాల్లోనూ మారథాన్లు పరుగెత్తిన దంపతులు. వీళ్లకు వైన్ పిచ్చి. హంపి దగ్గర, కొప్పళ జిల్లాలో, బండరాళ్ల మధ్య ఎర్ర నేల కొని తోట వేశారు. ఇద్దరి పేర్లు కలిపి కృస్మా అని పేరు పెట్టారు. తలనొప్పి మాత్రా వాళ్లదే, తలనొప్పి తెప్పించేదీ వాళ్లదే అని మా వాడు జోకేశాడు. అంత తాగితేనే లే.

నాకు ఆసక్తి కలిగింది ఆ స్థలం. హంపి గురించి ఎవరు మాట్లాడినా కృష్ణదేవరాయలు, రాతి రథం, తుంగభద్ర. ద్రాక్ష మాట ఎవరూ ఎత్తరు. ఎండ మండిపోతుంది, వాన తక్కువ, ఎటు చూసినా గ్రానైట్ గుండ్లు. ఆ ఫొటోలు చూస్తే బంజారాహిల్స్, దుర్గం చెరువు పాత ఫొటోలు గుర్తొస్తాయి, అదే రకం రాయి, అదే ఎర్ర మట్టి. అక్కడ సాంజియోవేసే అనే ఇటలీ ద్రాక్ష పెట్టారు, కియాంతి వైన్ చేసే రకం. పేరుకు అర్థం జూపిటర్ రక్తం అని చెప్తారు, మన భాషలో ఇంద్రుడి నెత్తురు అనుకోండి, మాస్ టైటిల్. రుచిలో పులుపు ముందుంటుంది, ఎర్ర రేగుపండు, కొంచెం ఎండు టమాటా. మిగతావాటి కంటే ధర ఎక్కువ, నలుగురం పంచుకుంటే గానీ కాలేదు. కానీ టమాటా పప్పు, ఆవకాయ లేని అన్నంతో తాగితే ఇది సరిగ్గా కుదిరింది. ఆ బండరాళ్లలో కుదిరినప్పుడు జహీరాబాద్ ఎర్రనేలలో ఎందుకు కుదరదు అని నాకు అప్పటినుంచి ఒకటే ఆలోచన. మహారాష్ట్ర 2001లోనే ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి వైనరీలకు పన్ను రాయితీలిచ్చింది. నాసిక్‌లో రాజీవ్ సామంత్ సులా మొదటి సీసా 2000లో వచ్చింది, ఇవాళ శని ఆదివారాలు జనం అక్కడికి టూరుకు పోతారు. కర్ణాటకకు వైన్ బోర్డే ఉంది. ఇక్కడ లేనిది మట్టి కాదు.

ఇప్పుడు లొట్టి. మీరు దీని కోసమే కూర్చున్నారని తెలుసు.

ఇంగ్లీషు వాడు కల్లును పామ్ వైన్ అన్నాడు. పేరు పెట్టడంలో వాడే నిజాయితీగా ఉన్నాడు. చక్కెర ఉన్న రసం తనంతట తాను పులిస్తే వైన్. మన తాటిచెట్టు, ఈతచెట్టు వేల ఏళ్లుగా అదే చేస్తున్నాయి. వైన్ లేని ప్రాంతం కాదు మనది, వైన్ చెట్టుకే కాసే ప్రాంతం. గీత కార్మికుడు మోకు, ముస్తాదు కట్టుకుని, పొద్దున్నే ఎక్కి గెల గీసి, లొట్టి కట్టి దిగుతాడు. లొట్టి లోపల సున్నం పూస్తే పులవదు, అది నీరా. సున్నం లేకపోతే చెట్టు మీదే పులవడం మొదలు. పొద్దున దించింది తియ్యగా, మధ్యాహ్నానికి ఘాటు, రేపటికి పులుపు. నాలుగైదు శాతం దగ్గర ఉంటుంది, బీరంత. చలికాలం ఈత, ఎండాకాలం తాడు. పోతుతాడు వేరు, పండుతాడు వేరు, తాగేవాడు కళ్లు మూసుకుని చెప్తాడు. ఫ్రెంచివాడు ఈ లోయ, ఆ కొండ అని చెప్పినట్టే మా ఊళ్లో ఫలానా గట్టు మీది చెట్టు అని చెప్తారు. ఏజెన్సీ వైపు జీలుగు కల్లు ఉంది, అది ఇంకో లోకం.

మేం పోచంపల్లి వైపు ఒక ఊరికి పొద్దున్నే పోయి, చెట్టు కింద నిలబడి, దించినాయన చేతుల్లోంచే తాగాం. ఈతకల్లు. కొబ్బరినీళ్లు, కొంచెం పచ్చి శనగ వాసన, నాలుక మీద సన్న బుడగలు. ఎక్కడో సీసాలో కట్టి డబ్బులెక్కువ పెడితే "నేచురల్ స్పార్క్లింగ్" అని ఫొటో తీసి పెట్టే రుచి అది.

మరి సిటీలో ఎందుకు తాగలేదు? సిటీలో కల్లు కాంపౌండ్లు 2004లో మూసేశారు, 2014లో మళ్లీ తెరిచారు. చెట్లు లేని ఊళ్లో రోజూ అంత కల్లు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ఒక్క ప్రశ్న అడగండి చాలు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పదుల సంఖ్యలో జనం ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. పోయినవాళ్లు కూలి పని చేసుకునేవాళ్లు. కల్లులో కలిపేవి అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు. ఇవి అలవాటు పడినవాడు ఒక రోజు మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా వస్తాయి. వాడు తాగుతున్నది కల్లు కాదని వాడికి తెలియదు. నిజంగా చెట్టెక్కే గీత కార్మికుడి పేరు కూడా దీంతోనే పోతుంది. నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ 2023లో తెరిచింది ఆ పేరు నిలబెట్టడానికే. అది పులియనిది కాబట్టి ఇంట్లో అందరూ తాగొచ్చు.

ఇందాక "ఆడోళ్లు తాగేదా" అన్నాడు కదా షాపాయన. ఆ మాట దగ్గరికి వద్దాం.

మా అమ్మమ్మది నెల్లూరు జిల్లా. ఈ ఎపిసోడ్ చేస్తున్నా అని ఫోన్‌లో చెప్తే ఆమె ఏమీ అనలేదు. కాసేపు ఆగి, "సారా అంగడి కాడ మేం కూర్చున్నప్పుడు మీ అమ్మ తొమ్మిదో తరగతి" అంది. 1992. దూబగుంట అనే ఊళ్లో అక్షరదీపం తరగతులకు పోయిన ఆడవాళ్లు, పాఠంలో సీతమ్మ కథ చదివి, సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. ఆ ఊరి నుంచి జిల్లా, జిల్లా నుంచి రాష్ట్రం. 1994లో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం రోజే మద్య నిషేధం ఫైలు మీద సంతకం పెట్టాడు, 1995 జనవరి నుంచి సంపూర్ణ నిషేధం. 1997లో ఎత్తేశారు. మా అమ్మమ్మకు ఆ రెండేళ్లు పండగ లాంటివి, ఎందుకంటే తాతయ్య కూలి డబ్బులు ఇంటికి వచ్చింది ఆ రెండేళ్లే. ఆమె ముందు నేను గ్లాసు తిప్పి, వాసన చూసి, "నేరేడు పండు నోట్స్" అంటే ఎలా ఉంటుంది?

నేను అదే అడిగా. "అమ్మమ్మా, నేను చేస్తున్నది తప్పా?" ఆమె అంది, "నువ్వు తాగి ఎవర్ని కొడతన్నావ్?" ఎవర్నీ లేదన్నా. "ఎంత పోసినావ్ దానికి?" రేటు చెప్పా. తిట్టింది. వైన్ గురించి కాదు, రేటు గురించి. నెలకు ఆ డబ్బుతో ఎన్ని బియ్యం వస్తాయో లెక్క చెప్పింది, కిలోలతో సహా.

ఆడవాళ్లు తాగేది, మగవాళ్లు తాగేది అని సీసాలు పంచుకున్న మన సమాజంలో, మగవాళ్లు తాగినదానికి బిల్లు కట్టింది ఆడవాళ్లే. కాబట్టి వైన్ కల్చర్ అని, క్లాస్ అని, గుండెకు మంచిది అని ఎవరైనా రీల్స్ చేస్తే కొంచెం ఆగి వినండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది, ఆరోగ్యానికి ఫర్వాలేదు అనదగ్గ మోతాదు మద్యంలో లేదని. ఎర్ర వైన్‌కు ప్రత్యేక మినహాయింపు ఏమీ ఇవ్వలేదు.

అయినా రుచి చూస్తాం అనే 21 దాటిన వాళ్లకు, డాబా మీద మేం తెలుసుకున్నవి కొన్ని చెప్పేస్తా. ఎర్ర వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలి అంటారు. ఆ రూము యూరప్‌ది, 16, 18 డిగ్రీలు. మే నెల హిమాయత్‌నగర్ రూము కాదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. బిర్యానీతో వగరు ఎర్ర వైన్ తాగకండి, కారం, టానిన్, ఆల్కహాల్ మూడూ కలిస్తే నోరు మంట. మిరపకాయ బజ్జీతో కూడా అంతే. కారానికి కొంచెం తీపి మిగిలిన తెల్ల వైన్ మంచిది, నాసిక్ చెనిన్ బ్లాంక్ లాంటిది. పులిహోరకు సావిన్యాన్ బ్లాంక్ కుదిరింది, నిమ్మకు నిమ్మ తోడు. గోంగూర మటన్‌కు ఏదీ కుదరలేదు. గోంగూర ఎవరితోనూ సర్దుకోదు, దానికి అన్నం, ఉల్లిపాయ చాలు. షాపులో కొనేటప్పుడు ఎండలో నిలబెట్టిన సీసా వద్దనండి, లోపలి అర నుంచి తీయమనండి. సీసా మీద ఏడాది చూడండి, మామూలు తెల్ల వైన్ పాతదైతే గొప్పదేం కాదు, చచ్చిపోయినట్టే.

అనబ్-ఎ-షాహీ ఇప్పుడు దొరుకుతుందా అని అడుగుతారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మార్కెట్‌లో గింజలేని సన్న ద్రాక్ష కుప్పల మధ్య వెతకండి, గింజలున్న పొడవాటి లేత రంగు పండు కనపడితే పేరు అడగండి. అమ్మేవాడికి తెలిస్తే, అతని వయసు యాభై దాటి ఉంటుంది. నేను పోయిన వారం నారాయణగూడలో ముగ్గురు బండ్ల వాళ్లను అడిగా. ఇద్దరు తెలీదన్నారు. మూడో ఆయన నవ్వి, "గింజలుంటే ఇప్పుడు పిల్లలు తింటలేరు బేటా" అని, థామ్సన్ సీడ్‌లెస్ పావుకిలో తూచి ఇచ్చిండు.

వచ్చే ఎపిసోడ్‌లో ఇప్పపువ్వు గురించి మాట్లాడదాం, ఆదిలాబాద్ వెళ్తున్నాం. ఉంటా మరి.